కొత్త వెర్షన్ వ్యూయర్ వేసినా హెచ్‌ఈఐసీ, సీఆర్3 సరిగ్గా రావట్లేదంటే ఎక్కడ చూడాలె

అన్నా, మీ ప్రశ్న మొత్తం చదివిన. తర్వాత చూసేటోళ్లకు కూడా అర్థం కావాలని ముందు రెండు ముక్కల్లో చెప్తున్న. మీది హన్మకొండల స్టూడియో, దాంతోపాటే స్కానింగ్, ప్రింట్ల పని. ఇన్నేండ్లు ఇర్ఫాన్‌వ్యూ అనే ఫొటోలు చూసే ప్రోగ్రామ్ (వ్యూయర్) 32 బిట్‌ది వాడి, కొత్త ఫార్మాట్లు చాలా తెరుస్తదని విని 64 బిట్ కొత్త వెర్షన్ వేసిండ్రు. వేసినంక నాలుగు తిప్పలు వచ్చినయి. కస్టమర్ల ఐఫోన్ హెచ్‌ఈఐసీ ఫొటోలు తెరుచుకుంటలేవు. వేరే కంప్యూటర్ల మార్చి తెచ్చుకున్నవి వెలిసిపోయినట్టు కనబడుతున్నయి. కెనాన్ సీఆర్3 ఫైళ్లు తెరుచుకుంటున్నయి గాని జూమ్ చేస్తే మసక. మీదికెళ్లి స్కానర్ మాయమైంది. దీనికన్న వేరే వ్యూయర్‌కు మారుడే నయమా అని మీ చివరి ప్రశ్న.

మారినా మారకున్నా, ముందు ఒక్కటి తెలుసుకోవాలె. కొత్త వెర్షన్ నోట్‌లో “ఫలానా ఫార్మాట్‌కు సపోర్ట్” అని రాస్తే దాని కింద నాలుగు వేరువేరు అర్థాలు ఉండొచ్చు. ఫైల్‌లో దాచిన ప్రివ్యూ బొమ్మను మాత్రమే చూపించుడు ఒకటి. అసలు బొమ్మను పూర్తిగా డీకోడ్ చేసుడు, అంటే కుదించినదాన్ని విప్పుడు, ఇంకొకటి. డీకోడ్ చేసి రంగు ప్రొఫైల్‌ను, తిప్పిన దిక్కును కూడా పాటించుడు మూడోది. అదే ఫార్మాట్‌లో మళ్లీ సేవ్ చేయగలుగుడు నాలుగోది. ఫార్మాట్ల జాబితాలో ఐదొందల పేర్లు ఉన్నా, మీ పనికి వచ్చే ఆరేడింటిల ఏది ఏ మెట్టు దాకా పోతదో చూసుకోవాలె. మీ తిప్పల్లో మొదటి మూడు ఈ మెట్ల దగ్గర వచ్చినవే.

హెచ్‌ఈఐసీ సంగతి. యాపిల్ 2017ల ఐఓఎస్ 11తోటి దీన్ని ఐఫోన్లకు తెచ్చింది. హెచ్‌ఈఐసీ అనేది ఒక డబ్బా, లోపల బొమ్మను కుదించింది వీడియోలకు వాడే హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.265. ఆ హెచ్‌ఈవీసీ మీద పేటెంట్లు ఉన్నయి. అందుకే విండోస్‌లో ఇది రెండు ముక్కలుగ ఉంటది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో “హెచ్‌ఈఐఎఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్” ఉచితం, అది డబ్బా మూత తీస్తది అంతే. లోపలి బొమ్మకు “హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్స్” కావాలె, దానికి కొద్దిగ డబ్బులు కట్టాలె. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లల్ల ఇది ముందే వేసి వస్తది. అందుకే మీ ఇంట్ల ల్యాప్‌టాప్‌ల తెరుచుకున్న ఫొటో దుకాణంల అసెంబుల్డ్ సిస్టమ్‌ల తెరుచుకోదు. చాలామంది ఉచిత ముక్క ఒక్కటే వేసుకొని “అన్నీ వేసిన, అయినా రాదు” అంటరు.

ఇర్ఫాన్‌వ్యూ హెచ్‌ఈఐసీ కోసం విండోస్‌లో ఉన్న కోడెక్ (కుదించిన బొమ్మను విప్పే ముక్క) మీదనే ఆధారపడుతూ వచ్చింది. కాబట్టి దాన్ని ఎన్నిసార్లు తీసేసి మళ్లీ వేసినా ఫలితం మారదు. పరీక్ష సులువు. అదే ఫైల్‌ను విండోస్ ఫొటోస్ యాప్‌లో తెరవండి. అక్కడ హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్ కావాలని అడిగితే తప్పు వ్యూయర్‌ది కాదు. ఫొటోస్‌లో మంచిగ వచ్చి ఇర్ఫాన్‌వ్యూలో రాకపోతే తప్పు ప్లగిన్ల (ప్రోగ్రామ్‌కు అదనంగ తగిలించే ముక్కల) దగ్గర ఉన్నది, ఆ ముచ్చట కిందకు వస్తది. విండోస్ కోడెక్ గోల వద్దనుకుంటే డీకోడర్‌ను తన వెంటే తెచ్చుకునే వ్యూయర్ పెట్టుకోండి. ఇమేజ్‌గ్లాస్ అట్లాంటిది. అది ఇమేజ్‌మ్యాజిక్ లైబ్రరీ మీద నడుస్తది, స్టోర్ ముక్కలు లేకున్నా హెచ్‌ఈఐసీ తెరుస్తది. కాకపోతే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో చిన్న బొమ్మలు మాత్రం కనబడవు. ఆ థంబ్‌నెయిళ్లు గీసేది విండోసే, వ్యూయర్ కాదు. కస్టమర్ ముందట కూసోని ఫోల్డర్‌లోనే ఫొటోలు ఏరే పని ఉంటే ఆ హెచ్‌ఈవీసీ ముక్క కొనుక్కునుడే మేలు.

ఫోన్ దగ్గర్నే ఆపొచ్చా అంటే ఆపొచ్చు. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి పోయి “మోస్ట్ కంపాటిబుల్” పెడితే ఆ తర్వాత తీసేవన్నీ జేపెగ్‌లు. అప్పటికే తీసినవి మారవు. కేబుల్‌తో కాపీ చేసేటప్పుడు సగంల “ఎ డివైస్ అటాచ్డ్ టు ద సిస్టమ్ ఈజ్ నాట్ ఫంక్షనింగ్” అని ఆగిపోతే కేబుల్‌ను తిట్టకండి. సెట్టింగ్స్‌లో ఫొటోస్ కింద “ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ” దగ్గర “ఆటోమేటిక్” ఉంటే ఫోన్ అప్పటికప్పుడు జేపెగ్‌గా మార్చుకుంట పంపిస్తది, ఆ మార్పిడి నడుమ ఇట్ల తెగిపోతది. “కీప్ ఒరిజినల్స్” పెట్టి కాపీ చేయండి, మార్చుడు తర్వాత మీ సిస్టమ్‌ల చేసుకోవచ్చు. ఆ ఫోల్డర్‌లో ఏఏఈ అని చిన్నచిన్న ఫైళ్లు ఉంటయి, అవి బొమ్మలు కావు, ఫోన్‌లో చేసిన ఎడిటింగ్ లెక్కలు. ఏ వ్యూయరూ తెరవదు, తెరవాల్సిన పని కూడా లేదు. ఒకే నంబర్‌తో రెండు ఫొటోలు ఉండి ఒకదాని పేరు నడుమ E అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే అది ఎడిట్ చేసింది. కస్టమర్‌కు కావల్సింది చాలాసార్లు అదే.

ఇక వాట్సాప్‌ల వచ్చిన ఫొటో పేరు చివర జేపెగ్ అని ఉండి లోపల ఇంకోటి ఉండుడు మామూలే. ఎవరో పేరు మార్చి పంపుతరు, పేరు మారిస్తే ఫార్మాట్ మారిందనుకుంటరు. ఇర్ఫాన్‌వ్యూ ఇట్లాంటివి పసిగట్టి సరైన పేరు పెట్టమంటవా అని అడుగుతది, ఒప్పుకోండి. అడగని వ్యూయర్ అయితే ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరుస చూడండి. పిచ్చి అక్షరాల నడుమ ఎఫ్‌టైప్ (ftyp) పక్కన హెచ్‌ఈఐసీ అని కనబడితే ఐఫోన్ ఫొటో, ఏవీఐఎఫ్ అని ఉంటే ఏవీఐఎఫ్ అనే వేరే ఫార్మాట్, సీఆర్ఎక్స్ అని ఉంటే కెనాన్ సీఆర్3. మొదట్లనే ఆర్ఐఎఫ్ఎఫ్ ఉండి కొంచెం అవతల వెబ్‌పీ అని ఉంటే వెబ్‌పీ. 8బీపీఎస్‌తో మొదలైతే ఫొటోషాప్ ఫైల్. మొదట్ల జేఎఫ్‌ఐఎఫ్ గాని ఎగ్జిఫ్ గాని కనబడితే అసలైన జేపెగ్. చూసి మూసేయండి, నోట్‌ప్యాడ్‌లో మాత్రం సేవ్ నొక్కొద్దు, ఫైల్ ఖరాబైతది. బ్రౌజర్‌ల దించుకుంటే వచ్చే జేఎఫ్‌ఐఎఫ్ ఫైళ్లు పూర్తిగా జేపెగ్‌లే, వాటికి పేరు మార్చితే చాలు.

వెలిసిపోయిన రంగుల సంగతికి వస్తే, ఇది స్టూడియోకు అన్నిటికన్న ఖరీదైన తప్పు. ప్రింట్ అయ్యి ఆల్బమ్ చేతికి వచ్చేదాకా తెలువదు. ఐఫోన్ ఫొటోలు డిస్‌ప్లే పీ3 అనే రంగుల పరిధిలో ఉంటయి. మన మామూలు మానిటర్లు, ల్యాబ్ మిషన్లు ఎస్‌ఆర్‌జీబీ అనుకొని నడుస్తయి. పీ3 పరిధి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ వైపు ఎక్కువ పెద్దది. ఫైల్‌లో “ఈ నంబర్లను పీ3 లెక్కన చదువు” అని ఒక ప్రొఫైల్ అతికించి ఉంటది. దాన్ని చదవని వ్యూయర్ అవే నంబర్లను ఎస్‌ఆర్‌జీబీ అనుకొని చూపిస్తది. అప్పుడు అన్ని రంగులు కొంచెం కొంచెం చప్పబడతయి. బతుకమ్మ ఫొటో ఒకటి తీసుకొని చూడండి. గునుగు తెలుపు, మనుషుల వెనుక గోడ దాదాపు అట్లనే ఉంటయి. బంతిపూల నారింజ, ఎర్ర పట్టుచీర మాత్రం దుమ్ము పట్టినట్టయితయి. అన్ని రంగులు సమానంగ తగ్గకుండ ముదురు ఎరుపు, నారింజలే ఎక్కువ చచ్చిపోతే అది ప్రొఫైల్ సమస్యే, వెలుతురు సమస్య కాదు.

ఇర్ఫాన్‌వ్యూలో పీ నొక్కితే ప్రాపర్టీస్ వస్తది. అందుల జూమ్, కలర్ మేనేజ్‌మెంట్ పేజీలో కలర్ మేనేజ్‌మెంట్ టిక్ పెట్టాలె. దానికి ఎల్‌సీఎంఎస్ ప్లగిన్ ఉండాలె. ఇది కనబడే రంగును సరిచేస్తది అంతే, ఫైల్‌ను మార్చదు. మీరు చెప్పిన “వేరే కంప్యూటర్ల మార్చి తెచ్చిన” జేపెగ్‌ల సంగతి ఇంకా ఘోరం. మార్చే ప్రోగ్రామ్ పీ3 నంబర్లను అట్లనే ఉంచి ప్రొఫైల్‌ను మాత్రం పారేసింది. ఇప్పుడు ఆ ఫైల్‌ను చూసి అవి పీ3 నంబర్లని ఏ వ్యూయరూ కనిపెట్టలేదు. ఒరిజినల్ హెచ్‌ఈఐసీలు ఉంటే వాటి నుంచే మళ్లీ చేయండి. లేకపోతే ఫొటోషాప్‌లో ఎడిట్ మెనూలో “అసైన్ ప్రొఫైల్” తీసుకొని డిస్‌ప్లే పీ3 ఇవ్వండి, రంగులు లేచి వస్తయి. ఆ తర్వాత “కన్వర్ట్ టు ప్రొఫైల్” తీసుకొని ఎస్‌ఆర్‌జీబీ చేసి ల్యాబ్‌కు పంపండి. ఈ రెండింటి వరుస తారుమారు కావొద్దు. అసైన్ అంటే నంబర్లు ముట్టకుండ అర్థం మార్చుడు, కన్వర్ట్ అంటే రంగు నిలబెట్టి నంబర్లు మార్చుడు. ప్రొఫైల్ సరిగ్గ ఉన్న ఫైల్‌కైతే కన్వర్ట్ ఒక్కటే చాలు, అసైన్ జోలికి పోవద్దు.

ఇర్ఫాన్‌వ్యూలో గుంపుగ మార్చేటప్పుడు బీ నొక్కండి. ఫైళ్లు చేర్చి, జేపెగ్ ఎంచుకొని, ఆప్షన్స్‌లో నాణ్యత చూడండి. మామూలుగ 80 దగ్గర ఉంటది, ఆల్బమ్ పనికి 95 పెట్టండి. ఎగ్జిఫ్ వివరాలు (తీసిన తేదీ, కెమెరా, దిక్కు లాంటివి) ఉంచే టిక్ పెట్టండి, దాంతోపాటే ఓరియెంటేషన్ ట్యాగ్ రీసెట్ చేసే టిక్ కూడా. ఎందుకంటే హెచ్‌ఈఐసీలో బొమ్మను తిప్పే ఆజ్ఞ డబ్బాలో ఒకటి, ఎగ్జిఫ్‌లో ఒకటి, రెండు చోట్ల ఉంటది. మార్చేటప్పుడు బొమ్మను నిజంగనే తిప్పేసి పాత ట్యాగ్ అట్లనే వదిలితే, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఇంకోసారి తిప్పుతది. మీ దగ్గర నిలువుగ కనబడ్డ పెండ్లికొడుకు ల్యాబ్‌లో పడుకుంటడు. అవుట్‌పుట్ ఫోల్డర్ వేరే పెట్టండి, ఒరిజినల్స్ ఉన్న ఫోల్డర్‌లో వేయొద్దు. పని అయినంక ఆ కిటికీలోనే ఎర్రర్లు, వార్నింగ్‌లు ఎన్నో చూపిస్తది. సున్నా లేకపోతే పైకి జరుపుకొని ఏ ఫైలో చూడండి. వందల ఫొటోలల్ల రెండు పోయినా పెండ్లోళ్లు ఆ రెండే అడుగుతరు.

సీఆర్3 మసక సంగతి. కెనాన్ 2018ల ఈఓఎస్ ఎం50తోటి సీఆర్3 తెచ్చింది. అంతకు ముందటి సీఆర్2 లోపల టిఫ్ కట్టుబడి, సీఆర్3 లోపల వీడియో ఫైళ్ల కట్టుబడి. పేరులో ఒక్క అంకె తేడా అనిపించినా పాత వ్యూయర్లకు ఇది అసలు తెలువని భాష. చాలా ఉచిత వ్యూయర్ల వెనుక ఉండే లిబ్‌రా లైబ్రరీకి సీఆర్3 వచ్చింది 2020ల, 0.20 వెర్షన్‌తో. దానికి ముందటి ప్లగిన్ మీ ఫోల్డర్‌లో మిగిలి ఉంటే అదే అడ్డం పడుతది.

సీఆర్3 లోపల అసలు రా డేటాతో (కెమెరా సెన్సార్ నుంచి వచ్చిన పచ్చి లెక్కలతో) పాటు మూడు జేపెగ్‌లు ఉంటయి: 160×120 చిన్నది, 1620×1080 నడిమిది, ఇంకోటి పూర్తి సైజు. వ్యూయర్ ఏది తీసి చూపిస్తున్నదో కనిపెట్టాలంటే ఐ నొక్కి ఇమేజ్ ఇన్ఫర్మేషన్‌లో కొలత చూడండి. 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే 6000×4000 ఉండాలె. 1620×1080 కనబడితే మీరు చూసేది నడిమి ప్రివ్యూ. మీ మసకకు కారణం అదే, లెన్స్ ఫోకస్ కాదు. సెట్టింగ్స్‌లో రా ఫైళ్లకు “ఎంబెడెడ్ ప్రివ్యూ వాడు” అన్న టిక్ తీసేస్తే పూర్తి డీకోడ్ అయితది, కాని ఒక్కో ఫొటోకు టైమ్ పడుతది, రంగులు కూడా కెమెరా వెనుక తెరమీద చూసినట్టు ఉండవు. పిక్చర్ స్టైల్ లాంటి కెమెరా సవరణలు ప్రివ్యూలో ఉంటయి, రా డీకోడ్‌లో ఉండవు.

నా మాట ఏందంటే, మేడారం జాతర లాంటి చోట తీసిన వేల ఫొటోలు ఏరేటప్పుడు పూర్తి సైజు ప్రివ్యూ చాలు. ఏరుడుకు రా డీకోడ్ దండుగ. ఫాస్ట్‌స్టోన్, ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీలో పూర్తి సైజు ప్రివ్యూ చూపించే ఏర్పాటు ఉన్నది. ఏరినంక కెనాన్ సొంత ప్రోగ్రామ్ డీపీపీలోనో, లైట్‌రూమ్‌లోనో డెవలప్ చేసుకుంటరు. వ్యూయర్‌లో సీఆర్3 తెరిచి అక్కడ్నే జేపెగ్‌గా సేవ్ చేసి ల్యాబ్‌కు పంపే అలవాటు ఉంటే మానేయండి. 1620×1080 జేపెగ్‌ను 12×36 షీట్‌లో సగానికి పరిస్తే ఏమయితదో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ షీట్‌కు 300 డీపీఐ లెక్కన 10800×3600 పిక్సెళ్లు కావాలె.

నికాన్ వాడేటోళ్లకు ఒక ముక్క. జెడ్9, జెడ్8లల్ల “హై ఎఫిషియెన్సీ” రా అని ఒక రకం ఉంటది. పేరు చివర ఎన్‌ఈఎఫ్ అనే ఉంటది గాని లోపలి కుదింపు వేరు, చాలా ఉచిత వ్యూయర్లు ప్రివ్యూ మాత్రమే చూపిస్తయి. కెనాన్, సోనీలల్ల హెచ్‌డీఆర్ కోసం తీసే హెచ్‌ఐఎఫ్ ఫైళ్లు కూడా అట్లనే. అవి 10 బిట్, అంటే ఒక్కో రంగుకు మామూలు కన్న ఎక్కువ వివరం దాచే రకం. ఐఫోన్ హెచ్‌ఈఐసీ మంచిగ తెరిచిన సిస్టమ్ కూడా వీటి దగ్గర ఆగిపోతది. షూట్‌కు పోయే ముందే కెమెరాలో ఈ ఆప్షన్ ఆఫ్ చేసుకునుడు సులువైన మందు.

ఇప్పుడు స్కానర్. ఇది ఖరాబ్ కాలేదు. 64 బిట్ ప్రోగ్రామ్‌కు 64 బిట్ ట్వెయిన్ డ్రైవరే (స్కానర్‌తో మాట్లాడే ముక్క) కనబడుతది. పాత ఫ్లాట్‌బెడ్ స్కానర్లలో చాలావాటికి 32 బిట్ డ్రైవర్ ఒక్కటే ఉన్నది. కాబట్టి పాత 32 బిట్ ఇర్ఫాన్‌వ్యూను తీసేయకుండ ఉంచుకోవాలె. రెండూ ఒకే సిస్టమ్‌ల వేరువేరు ఫోల్డర్లల్ల కొట్లాడకుండ ఉంటయి. ఒకటి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో, ఇంకోటి దాని పక్కన ఎక్స్86 అని ఉన్న ఫోల్డర్‌లో. స్కానింగ్‌కు 32, మిగతా అన్నిటికీ 64 అని డెస్క్‌టాప్ మీద రెండు ఐకాన్లు పెట్టుకోండి. పాత సెట్టింగ్‌లు కొత్తదానికి రావు. ఐ_వ్యూ32 పేరుతో ఉన్న ఐఎన్‌ఐ ఫైల్‌ను కాపీ చేసి ఐ_వ్యూ64 అని పేరు మార్చి పెడితే చాలావరకు వచ్చేస్తయి.

ప్లగిన్ల దగ్గర కూడా ఇదే 32, 64 గొడవ. ఇర్ఫాన్‌వ్యూ ప్రోగ్రామ్ వేరు, ప్లగిన్ల ఇన్‌స్టాలర్ వేరు. వెబ్‌పీ, జేపెగ్ ఎక్స్‌ఎల్, రా, పీడీఎఫ్ లాంటివన్నీ ప్లగిన్లల్లనే ఉంటయి. 64 ప్రోగ్రామ్‌కు 64 ప్లగిన్లు, అదీ అదే వెర్షన్‌వి వేయాలె. పాత ఫోల్డర్ నుంచి ప్లగిన్ ఫైళ్లు (డీఎల్‌ఎల్‌లు) తెచ్చి అతికిస్తే పనిచేయవు, ఎర్రర్ కూడా సరిగ్గ చెప్పదు. హెల్ప్ మెనూలో ఇన్‌స్టాల్డ్ ప్లగిన్స్ తీస్తే ఏవి ఉన్నయో, ఏ వెర్షనో వరుసగ వస్తయి. ఆ జాబితా ఖాళీగ ఉంటే మీరు ప్లగిన్లు వేయనే లేదన్నట్టు. డౌన్‌లోడ్ దాని సొంత సైట్ నుంచే చేయండి. గూగుల్‌లో మీద వచ్చే ప్రకటనల లింకులు నొక్కి వేరే చెత్త తెచ్చుకున్నోళ్లు బాగా ఉన్నరు. సైట్‌లో ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ 256 లెక్కతో (ఫైల్‌కు వేలిముద్ర లాంటిది) ఫైల్‌ను సరిచూసుకోవచ్చు.

పాత వెర్షన్ ఉంచుకోమన్న కదా అని దానితోనే అన్ని ఫైళ్లు తెరవొద్దు. 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పీ డీకోడర్‌లో పెద్ద లొసుగు బయటపడ్డది. సీవీఈ 2023-4863 అని దాని నంబర్. తయారుచేసిన వెబ్‌పీ బొమ్మ ఒకటి తెరిస్తే చాలు, సిస్టమ్‌లో వేరేటోళ్ల కోడ్ నడిచే అవకాశం ఉండె. లిబ్‌వెబ్‌పీ 1.3.2తో సరిచేసిండ్రు. బ్రౌజర్లు వాటంతట అవే అప్‌డేట్ అయినయి, వ్యూయర్లు అట్ల కావు. ఊరు పేరు తెలువని పెన్‌డ్రైవ్‌లు రోజంతా పెట్టే దుకాణాలకు ఇది చిన్న ముచ్చట కాదు. కొత్త వెర్షన్ వేయడానికి కొత్త ఫార్మాట్ల కన్న ఇదే పెద్ద కారణం అని నేనంట.

64 బిట్‌కు మారుడు ఫ్లెక్స్ పనికి కూడా అవసరమే. 20×10 అడుగుల ఫ్లెక్స్ 72 డీపీఐ అంటే 17280×8640 పిక్సెళ్లు. ఆర్‌జీబీ అయితే మెమరీలో దాదాపు 448 ఎంబీ, సీఎంవైకే (ప్రింటింగ్‌కు వాడే నాలుగు ఇంకుల లెక్క) అయితే 597 ఎంబీ పడుతది. ఫైల్ డిస్క్ మీద 30 ఎంబీ ఉన్నా సరే, తెరిచినంక ఇంతే. 32 బిట్ ప్రోగ్రామ్‌కు మామూలుగ దొరికేది మొత్తం 2 జీబీ. దాంట్ల ఒక్క చోట ఇంత ఖాళీ దొరకాలె, తిప్పినా, సైజు మార్చినా ఇంకో కాపీ కావాలె. అందుకే ర్యామ్ 16 జీబీ ఉన్నా “అవుట్ ఆఫ్ మెమరీ” అంటది. ఇప్పుడు 200 మెగాపిక్సెల్ ఫోన్లు పట్టుకొని రామప్ప గుడి శిల్పాలు తీసుకొచ్చి పెద్ద ప్రింట్ అడుగుతున్నరు కదా, 16320×12240 బొమ్మ విప్పితే అది కూడా 599 ఎంబీ. ఇక సీఎంవైకే జేపెగ్‌లు కొన్ని వ్యూయర్లల్ల నెగెటివ్ లెక్క తిరగబడి కనబడతయి. అడోబీ ప్రోగ్రామ్‌లు ఆ నంబర్లను తలకిందులుగ రాస్తయి, అది తెలియని డీకోడర్ అట్లనే చూపిస్తది. ఫైల్ మంచిగనే ఉంటది, దాన్ని ఇన్వర్ట్ చేసి సేవ్ చేయకండి.

పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైల్) గురించి మీరు అడగలేదు గాని మీకు వచ్చే తిప్పే ఇది. పెండ్లి ఆల్బమ్ టెంప్లేట్లు వ్యూయర్‌లో తెల్లగ కనబడి ఏదో ఇంగ్లిష్ వాక్యం వస్తే, అది “మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ” లేకుండ సేవ్ చేసింది. వ్యూయర్లు లేయర్లను కలిపి గీయవు, ఫొటోషాప్ ముందే కలిపి దాచిన బొమ్మనే చూపిస్తయి. ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ హ్యాండ్లింగ్ కింద అది ఆల్వేస్ పెట్టి మళ్లీ సేవ్ చేస్తే వస్తది. ఆ బొమ్మలో తెలుగు అక్షరాలు కూడా పిక్సెళ్లే కాబట్టి అను ఫాంట్ లేని సిస్టమ్‌లో కూడా పేర్లు సరిగ్గ కనబడతయి. పీడీఎఫ్‌లో ఫాంట్ పొదగకపోతే మాత్రం ఇంగ్లిష్ పిచ్చి అక్షరాలు వస్తయి.

భూమి కాగితాలు, పాత దస్తావేజులు స్కాన్ చేసిన టిఫ్‌లల్ల పది పేజీలు ఒకే ఫైల్‌లో ఉంటయి. దాన్ని తెరిచి జేపెగ్‌గా సేవ్ చేస్తే మొదటి పేజీ ఒక్కటే వస్తది, ఎర్రర్ ఏమీ చెప్పదు. ఇర్ఫాన్‌వ్యూలో ఆప్షన్స్ కింద మల్టీపేజ్ ఇమేజెస్‌లో అన్ని పేజీలు విడదీసే పని ఉన్నది, అది వాడండి.

ఏవీఐఎఫ్, జేపెగ్ ఎక్స్‌ఎల్ అనే కొత్త ఫార్మాట్లు మీకు ఇప్పుడు చూడడానికి కావాలె, తయారుచేయడానికి అంత కాదు. కొత్తవాడ దర్రీల వాళ్లెవరన్నా వెబ్‌సైట్‌కు కేటలాగ్ ఫొటోలు అడిగితే వెబ్‌పీ ఇవ్వండి, అన్ని బ్రౌజర్లల్ల తెరుచుకుంటది. ఒక్క వైపు 16383 పిక్సెళ్లు దాటొద్దు, దాని హద్దు అది. ఏవీఐఎఫ్ ఇంకా చిన్నగ అయితది గాని తయారుకు బాగా టైమ్ తీసుకుంటది. జేపెగ్ ఎక్స్‌ఎల్‌ల ఒక గొప్పతనం ఉన్నది. పాత జేపెగ్‌ను ఒక్క పిక్సెల్ నష్టం లేకుండ 20 శాతం దాకా చిన్నగ చేసి, కావాలన్నప్పుడు అదే జేపెగ్‌ను బిట్ బిట్ తేడా లేకుండ తిరిగి ఇయ్యగలదు. కాని గూగుల్ క్రోమ్‌లో పరీక్షగ పెట్టిన దాన్ని 110వ వెర్షన్‌లో తీసేసింది, యాపిల్ సఫారీ 17లో పెట్టింది. ల్యాబ్‌లు తీసుకోవు. మీ పెండ్లిళ్ల బ్యాకప్ మొత్తం దాంట్లకు మార్చి ఒరిజినల్స్ తీసేయమని నేను చెప్పను. హార్డ్ డిస్క్ ఇంకోటి కొనుడే చవక.

వేరే వ్యూయర్‌కు మారాల్నా అంటే, ఇది దుకాణం కాబట్టి లైసెన్స్ కూడా చూసుకోవాలె. ఇర్ఫాన్‌వ్యూ, ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీ, ఫాస్ట్‌స్టోన్ ఇంటి వాడకానికి ఉచితం, వ్యాపారానికి డబ్బులు కట్టాలె. ఇమేజ్‌గ్లాస్, నోమాక్స్ ఓపెన్ సోర్స్, దుకాణంల కూడా ఉచితమే, కాని గుంపుగ మార్చే పనిల ఇర్ఫాన్‌వ్యూ అంత సౌలభ్యం వాటిల దొరకదు. నేనైతే ఇర్ఫాన్‌వ్యూ 64 లైసెన్స్ తీసుకొని, స్కానింగ్‌కు 32 ఉంచి, మొండి ఫైళ్లకు ఇమేజ్‌గ్లాస్ పక్కన పెట్టుకోమంట.

ఏది వేసినా ముందు పరీక్ష ఫోల్డర్ ఒకటి చేసుకోండి. నిలువుగ తీసిన ఐఫోన్ హెచ్‌ఈఐసీ ఒకటి, మీ కెమెరా సీఆర్3, వెబ్‌పీ, సీఎంవైకే జేపెగ్, పెద్ద ఫ్లెక్స్ టిఫ్, పీఎస్‌డీ, పది పేజీల స్కాన్. కొత్త వెర్షన్‌ను ముందు జిప్ రూపంల వేరే ఫోల్డర్‌లో విప్పి నడిపి, ఒక్కోదానికి కొలత, రంగు, దిక్కు, పేజీల సంఖ్య చూడండి. అన్నీ సరిగ్గ ఉంటేనే ఇన్‌స్టాల్ చేయండి. ఇన్‌స్టాల్ చేసినంక కూడా ఫైళ్లు పాతదాంట్లనే తెరుచుకుంటే, విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్, డీఫాల్ట్ యాప్స్‌లోకి పోయి చేత్తో మార్చాలె. ఇప్పటి విండోస్‌ల ప్రోగ్రామ్‌లు తమంతట తాము ఆ హక్కు తీసుకోలేవు.

ఇంత చేసినా హెచ్‌ఈఐసీ రాకపోతే ఈ నాలుగు రాయండి: విండోస్ వెర్షన్, ఇర్ఫాన్‌వ్యూ వెర్షన్, ఇన్‌స్టాల్డ్ ప్లగిన్స్ జాబితా, ఫొటోస్ యాప్‌లో అదే ఫైల్‌కు వచ్చిన మెసేజ్. ఫైల్ పంపేటట్టయితే వాట్సాప్‌ల ఫొటోగా కాకుండ డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది అక్కడ్నే జేపెగ్ అయిపోతది, ఇక చూడడానికి ఏం మిగలదు.